కాశ్మీరు పక్కన చోటు

జంపయ్య భారతదేశాన్ని నేల మీద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాడు. ఆశ్రమ పాఠశాలలో ఉన్న మ్యాపు అదొక్కటే. గోడకు వేలాడదీస్తే పిల్లలు ఉత్తరమంటే ఆకాశమనుకుంటారని ఆయన బాధ. అందుకే గోదారి ఎటు పారుతోందో మ్యాపులోనూ అటే పారేలా పరుస్తాడు. పదకొండేళ్ళ కాంట్రాక్టు ఉద్యోగంలో ఇలా వంగీ వంగీ నడుము పట్టేసింది, ప్యాంటు మోకాళ్ళ దగ్గర తెల్లబడింది. ఏటా జూన్‌లో ఆర్డరు వస్తుందో రాదోనన్న భయంతోనే నెత్తి నెరిసింది.

పదో తరగతి పిల్లలు చుట్టూ కూర్చున్నారు. కిటికీ వైపు, కాశ్మీరు పక్కన సమ్మక్క చోటు ఖాళీగా ఉంది. తొమ్మిదో తరగతి నుంచీ ఆ పిల్ల అక్కడే కూర్చుంటుంది. జ్వరమేమో అనుకున్నాడు.

పక్క బడి వాళ్ళు దిద్దిన ప్రీఫైనల్ పేపర్లు అప్పుడే వచ్చాయి. సమ్మక్క సోషల్ తప్పింది. మ్యాపు ప్రశ్నకు సున్నా. పేర్లన్నీ తలకిందులుగా ఉన్నాయి. జంపయ్య కాగితం తిప్పి పట్టుకున్నాడు. నర్మద, చిల్కా, కొచ్చి, ఒక్కటీ తప్పు లేదు. నేల మీద కాశ్మీరు వైపు నుంచి తనకు కనిపించినట్టే కాగితం తిప్పి పెట్టుకుని రాసింది పిచ్చిపిల్ల. దిద్దినవాడికి కాగితం తిప్పే ఓపిక లేకపోయింది. జంపయ్యకు ఒళ్ళు మండిపోయింది.

ఆఫీసు గదిలో జంపయ్య చాచిన పేపరును హెడ్మాస్టర్ కిషన్‌లాల్ ముట్టుకోలేదు.

"బోర్డు పేపరు దిద్దేటోడు నీ లెక్క తిప్పి చూస్తడా? ఆ తలకిందులు నేర్పింది నువ్వే గద."

"నెల టైముంది సార్. సక్కగ రాయనేర్పిస్త. ఆమె హాల్ టికెట్ ఇయ్యుండ్రి."

"నూటికి నూరు పాస్ గావాలన్నరు పైనోళ్ళు. మార్కులు నిన్ననే వచ్చినయ్, సప్లిమెంటరీల రాయమని అప్పుడే చెప్పిన పిల్లకు. జూన్ల నీ ఆర్డరు గూడ యాదిల పెట్టుకో."

"నా ఆర్డరు గోదాట్ల గలవనీ!" జంపయ్య బల్ల మీద గుద్దాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి మీదా గొంతు లేపని మనిషి. "పాసయ్యే పిల్లను మీరే తప్పిస్తున్నరు. సిగ్గుండాలె!"

రోడ్డు మీద మిరప కోతలకు మధిర పోయే వ్యాను హారన్ కొట్టింది. ఆ చోటు ఎందుకు ఖాళీగా ఉందో అప్పుడు తట్టి జంపయ్య పరుగెత్తాడు. సమ్మక్క తల్లి పక్కన, మూటల మధ్య కూర్చుని ఉంది.

"దిగు. పరీక్ష రాయాలె."

"హెడ్డుసారు వద్దన్నడు గద సార్. కోతలు ఒడిసినంక వస్త." మూట సర్దుకుంటూ అడిగింది. "మధిర ఎటుంటది సార్?"

"దక్షిణం దిక్కు."

"అంటె నాకు ముంగటనే."

వ్యాను కదిలిపోయింది. కోతలకు పోయి మళ్ళీ బడి మొహం చూసిన పిల్ల ఒక్కతీ ఆయనకు తెలియదు. రోడ్డు మీదే నిలబడి నూటికి నూరును బండబూతులు తిట్టాడు. వినేవాళ్ళెవరూ లేరు.

తరగతి గదిలో మ్యాపు ఇంకా పరిచే ఉంది. కిటికీ వైపు అంచున, రెండేళ్ళుగా ఒక మోకాలు ఆని, కాశ్మీరు దగ్గర కాగితం నలిగి ఉంది.