రెండు పక్కల సారు

కోరుట్లలో బాలకిషన్ సారు ఇల్లెక్కడని అడిగితే ఎవరూ వెంటనే చెప్పేవారు కాదు. "రెండు పక్కల సారేనా?" అని ఒకసారి నవ్వుకుని అప్పుడు దారి చూపించేవారు. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి, సర్కారు బడుల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన పెద్దమనిషికి ఆ పేరు ఊరికే రాలేదు. పొద్దున పోలీసులొచ్చి బ్రాందీ దుకాణం మూయించిందెవరని అడిగితే "అటు చూస్తె అట్ల, ఇటు చూస్తె ఇట్ల" అన్నాడు. పొద్దుగూకినాక అడవిలోంచి అన్నలొచ్చి దుకాణం ఉండాలా పోవాలా అని మీటింగులో లేపి అడిగితే "రెండు మాటల్లోనూ బలముంది" అన్నాడు. ఆయన భార్య కళావతి అయితే కూరలో ఉప్పు సరిపోయిందా అని అడగడమే మానేసింది.

తొంభైల చివరి రోజులవి. జగిత్యాల నుంచి వేములవాడ దాకా ఎవరి నోరు వాళ్లు కట్టేసుకుని బతికిన కాలం. మిగతావాళ్లు భయపడి ఊరుకున్నారు. మన సారు మాత్రం ఆ భయాన్ని చక్కటి ఇంగ్లీషులో పెట్టి ట్యూషన్ చెప్పాడు. వ్యాసం ఏదైనా సరే, మొదట ఒక పక్క మాట్లాడాలి, తర్వాత రెండో పక్క మాట్లాడాలి, చివర్లో కాలమే నిర్ణయిస్తుందని ముగించాలి. పిల్లలు ఆ ముగింపును బట్టీ పట్టి ఇంటర్ పరీక్షలు గట్టెక్కారు.

ఆ ట్యూషన్‌కే వచ్చే రూతమ్మ మాత్రం గట్టెక్కలేదు. ఆమె జగిత్యాలలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. ఊరు వెల్గటూర్ దగ్గర. తల్లి ముత్తమ్మ నాట్లకు, కలుపులకు పోయి చదివించింది. లండన్ దవాఖానలో కొలువు సిద్ధంగా ఉంది, ఇంగ్లీషు పరీక్ష ఒక్కటే అడ్డం. వినడం, చదవడం, మాట్లాడటం అన్నీ దాటి, రాసే పరీక్షలో బోల్తా పడింది.

"సార్, అండ్ల వాళ్లు నువ్వేమనుకుంటున్నవ్ అని అడిగిండ్రు," అంది ఆ మార్కుల కాగితం చూపించి. "నేను అందరేమనుకుంటరో రాసిన. నాదేంటిదో రాయలే."

"రాయాలె గని బిడ్డా, జర పైలంగ, ఎవలకు తాకకుంట," అన్నాడు సారు, కాగితం మడిచి ఇచ్చేస్తూ.

"పైలంగ రాసే ఫెయిలైన సార్."

సారుకు మండింది. పిల్ల మాటకు కాదు, ఆ మాట నిజమైనందుకు. అప్పటినుంచీ రూతమ్మ తన ఇష్టానికి రాసుకుని రావడం మొదలుపెట్టింది. ప్రతి ఆదివారం ఒక వ్యాసం. మొదటి వాక్యంలోనే 'నేను ఒప్పుకుంటాను' అనో, 'నేను ఒప్పుకోను' అనో బల్లగుద్దినట్టు చెప్పేది. సారు స్పెల్లింగులు దిద్దేవాడు, అభిప్రాయం ఉన్న చోట ఎర్ర పెన్ను పెట్టేవాడు కాదు. దాన్ని నిప్పు ఉన్న పొయ్యిలా దూరం నుంచే చూసేవాడు.

హైదరాబాదులో రెండోసారి పరీక్షకు ముందు రోజు అది. ఆఖరి పాఠం చూసుకుని, సాయంత్రం కోరుట్లలోనే హైదరాబాద్ బస్సెక్కాలని ఆమె ఏర్పాటు. మధ్యాహ్నమైనా పిల్ల రాలేదు. ఆమెకు బదులు మోటారు సైకిల్ మీద ఒక పోలీసు వచ్చాడు.

"సారూ, బస్సు చెకింగుల మీ ట్యూషన్ పిల్ల దొరికింది, మీ పేరు చెప్పింది. ఎస్సై సారు రమ్మంటుండు."

కళావతి చేతిలోని చేట కింద పెట్టి మొగుడి వైపు చూసింది. "పోయి అక్కడ గూడ రెండు పక్కల చెప్పి రాకు," అంది. ఎప్పటి దెప్పిపొడుపు కాదు అది, శాపనార్థంలా తగిలింది సారుకు.

ఆ ఠాణా పేరెందుకు, దారిలో ఉన్న ఒక ఠాణా. రూతమ్మ బల్ల మీద నిటారుగా కూర్చుని ఉంది. ఆమె సంచి బోర్లించి ఉంది. టిఫిను డబ్బా, చీర, పాస్‌పోర్టు, పక్కన ఆమె వ్యాసం. పైన ప్రశ్న: పోలీసులకు మరిన్ని అధికారాలు ఇవ్వాలి, మీరు ఎంతవరకు ఒప్పుకుంటారు? దాని కింద రూతమ్మ చేతిరాత: నేను ఒప్పుకోను.

"ఏంది సార్ గిది?" అన్నాడు ఎస్సై. "ట్యూషనా, పార్టీ క్లాసా?"

బతుకంతా సారుకు అక్కరకొచ్చిన విద్య తనంతట తనే బయటికొచ్చింది. "పరీక్ష ప్రశ్న సార్, పుస్తకంల ఉన్నదే. గిది ఒట్టి ప్రాక్టీసు. ఇయ్యాల ఒక పక్క రాస్తరు, రేపు రెండో పక్క రాస్తరు. మాకు అభిప్రాయాలు ఉండయి సార్."

"అట్లనా? మంచిది. ఇప్పుడే రెండో పక్క రాయమనుండ్రి. ఒప్పుకుంటున్న అని. రాసినంక పాస్‌పోర్టు తీస్కొని పోవచ్చు."

ఇంత తేలిగ్గా తేలిపోతుందని సారు అనుకోలేదు. సంబరంగా పిల్ల చెవిలో చెప్పాడు: "రాసెయ్ బిడ్డా. నలభై నిమిషాల పని. పాస్‌పోర్టు లేకుంటె రేపు హాల్లకు రానియ్యరు."

రూతమ్మ ఆయన్ను ఒక్క క్షణం చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది, అదే సారుకు గుచ్చుకుంది. "కాయితాలు ఇయ్యుండ్రి," అంది ఎస్సైతో.

తల వంచి రాసింది. కేసు షీటు రాసే నర్సు రాత, గొలుసులా సాగిపోయింది. సారు గోడ గడియారం చూస్తూ, హైదరాబాద్ బస్సు అందుతుందని లోలోపల లెక్కేసుకున్నాడు. ఆమె ఆఖరి పేరా మొదలుపెడుతుండగానే ఎస్సై చెయ్యి చాపి కాగితం లాక్కున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీ రాత నాకు సమజ్ గాదు. మీరే తెలుగుల చదువుండ్రి సార్."

సారు కళ్లద్దాలు సర్దుకుని మొదటి వాక్యం చూశాడు. నేను ఒప్పుకోను. ఇంతకు ముందుకంటే పెద్ద అక్షరాలతో ఉంది.

ఎస్సైకి ఈ రాత అందదు. 'ఒప్పుకుంటున్న' అని చదివితే అయిపోతుంది. ఆ అబద్ధం ఎవరికీ తెలియదు, తనకూ రూతమ్మకూ తప్ప. పిల్ల బస్సెక్కుతుంది, తను ఇంటికెళ్లి ఉప్పు తక్కువైన కూర తింటాడు. పక్కకు చూశాడు. రూతమ్మ ఆయన్ను బతిమాలడం లేదు. నీ ఇష్టం అన్నట్టు చేతులు కట్టుకుని కూర్చుంది.

"చదువుండ్రి సార్," అన్నాడు ఎస్సై.

"నేను ఒప్పుకోను," అని చదివాడు బాలకిషన్ సారు. ఇక వెనక్కి రావడానికి లేదు కాబట్టి ముందుకే పోయాడు. "నేను నర్సును. నెత్తురు కారుతున్న మనిషి వస్తే నేను ముందు గుడ్డ కడతాను. పోలీసులు ముందు పేరు అడుగుతారు. మా అమ్మ పొలంలో పని చేస్తుంది. ఆకలని వచ్చిన వాళ్లందరికీ అన్నం పెట్టింది, అందులో పోలీసులూ ఉన్నారు. మరునాడు ఆ పోలీసులే ఎవరికి పెట్టావని ఆమెను కొట్టారు. అడవిలోంచి వచ్చిన వాళ్లూ అదే ప్రశ్న అడిగారు. వాళ్లు ఎక్కువ అధికారం కావాలన్నా నేను ఒప్పుకోను. తుపాకి ఉన్నవాళ్లకు ఉన్న అధికారం చాలు. మా అమ్మకు జవాబు చెప్పే అధికారం కావాలి." అక్కడ పేరా తెగిపోయింది. "ముగింపు లేదు సార్. మీరు గుంజుకున్నరు."

ఎస్సై కుర్చీ ముందుకు జరిపాడు.

"పిల్ల తెలివితక్కువతోని రాసింది. మీరు పెద్దమనిషి. మీరేమంటరు? గిది ఒప్పుకుంటరా?"

ఇంతకాలం ఆయన వందల మందికి ఈ ప్రశ్నకు జవాబు రాయడం నేర్పాడు. తనెప్పుడూ రాయలేదు. అటు చూస్తే అట్ల అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని ఉమ్మి మింగినట్టు మింగేశాడు.

"ఒప్పుకుంట," అన్నాడు. "పూర్తిగ ఒప్పుకుంట."

"అయితే కింద సంతకం పెట్టుండ్రి."

పింఛను కాగితాల మీద తప్ప ఎక్కడా సంతకం పెట్టని మనిషి రూతమ్మ పెన్ను అడిగి తీసుకున్నాడు. ఇంగ్లీషులో పెట్టి, ఎవరిదో తెలియలేదంటారేమోనని కింద తెలుగులో పేరు, ఊరు కూడా విడివిడి అక్షరాల్లో రాశాడు.

"గీ కాయితం నా తాననే ఉంటది," అన్నాడు ఎస్సై.

"ఉండనీయుండ్రి సార్," అంది రూతమ్మ లేచి నిలబడి. "పాస్‌పోర్టు మాత్రం నాది. నా మీద కేసు లేదు. ఇయ్యకుంటె గదీ రాస్తం, ఇద్దరం సంతకం పెట్టి. మీ పెద్ద సార్లకు, ఇంగ్లీషులనే."

ఎస్సై ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఒక పిల్లను బెదిరించడం వేరు, ఊరంతా పిరికివాడనుకునే సారు సంతకం పెట్టిన కాగితాన్ని మోయడం వేరు. పాస్‌పోర్టును బల్ల మీద విసిరాడు. "పోండ్రి. మీ మీద నా కన్నుంటది."

"నీ కన్ను నీ ఇష్టం సార్," అన్నాడు బాలకిషన్. అన్నాక తనే బిత్తరపోయాడు.

రోడ్డు మీదికి వచ్చాక సారు కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. భయం ఇప్పుడు తీరిగ్గా పట్టుకుంది, దాంతోపాటు ఎన్నడూ ఎరగని ఒక కుషీ కూడా. దూరంగా కోరుట్ల వైపు పోయే బస్సు దుమ్ము లేపుతూ వస్తోంది. పాఠం చెప్పే అలవాటు మాత్రం పోలేదు ఆయనకు.

"అంతా మంచిగనే రాసినవ్ బిడ్డా. రేపు మాత్రం టైము చూసుకో. ముగింపు లేని వ్యాసానికి మార్కులు కోస్తరు."

రూతమ్మ బస్సుకు చెయ్యెత్తి, సంచి భుజానికి వేసుకుంది.

"ముగింపు ఇందాక ఠాణల మీరే చెప్పిండ్రు గద సార్," అంది.