మసిచుక్క పెట్టిన కారు

తొలకరిమబ్బులు గోదావరీతీరమును క్రమ్ముకొని పడమటిగాలి తడిమట్టివాసనను మోసికొనివచ్చు నొక యపరాహ్ణమున రాజమహేంద్రవరమందలి కార్ల షోరూమున నద్దాలగోడల వెనుక నూతనవాహనములు అభ్యంగనస్నాతలైన పెండ్లికూతుండ్రవలె తళతళలాడుచుండెను. ఆ శోభను గాంచుచు నొకమూల కుర్చీలో ముడుచుకొని కూర్చున్న మంగతాయారమ్మ హృదయము మాత్రము కుంపటివలె రాజుకొనుచుండెను.

చిన్నతోడికోడలు భ్రమరాంబ క్రిందటినెలలో తెల్లని పెద్దకారు కొని వీధివారి నెల్లర నెక్కించుకొని త్రిప్పినది మొద లామెకు అన్నము సహింపకుండెను. అంతకంటె పెద్దది తన వాకిట నిలువవలెను. పాతకారు నిచ్చి క్రొత్తది పుచ్చుకొను బేరమున దానికి మంచివెల వచ్చినచో పెద్దదే కొందుమని కుమారుడు శేషసాయి మాట యిచ్చియుండెను. వెల రాదేమో యనియు వచ్చినను క్రొత్తది దారిలో దేనినైన గుద్దుకొనునేమో యనియు నామె క్షణమొక గండముగా గడుపుచుండెను.

పాతకారునకు వెలకట్ట వచ్చిన యువకుడు వెనుకతలుపు చెంత వంగి గోట గీకిచూచెను.

“ఇక్కడ తారు పూశారేంటండీ? కింద రేకంతా తుప్పు తినేసిందండి. ఇందాకన్న రేటు రాదండి.”

శేషసాయి తెల్లబోయెను. “తారెవరు పూశారమ్మా?”

“మీ పిన్ని కళ్ళు పడతాయని నేనే పెట్టాన్రా. రంగు మీద నిలవట్లేదని కొబ్బరికోరాంతో కాస్త గీకి మరీ పెట్టాను. పిల్లలకి బుగ్గన పెట్టమూ?”

“పిల్లాడి బుగ్గనైతే కడిగితే పోద్దమ్మా. పోనీలే, చిన్నదే తీసుకుందాం.”

ఆ మాట ములుకువలె నాటెను. ఇక భ్రమరాంబ వచ్చి చుట్టును తిరిగిచూచి “బుల్లిగా ముద్దుగా ఉందక్కా” అనును. ఆ ముద్దు అనుమాట మంగతాయారమ్మ కప్పుడే చెవుల మ్రోగుచుండెను.

సంతకము లయినవి. పాతకారును వెలుపలికి నడిపించుకొని పోవుచుండిరి. పసికందైన మనుమరాలిని ఒడిని బెట్టుకొని యామె ఆసుపత్రినుండి ఇంటికి వచ్చినది ఆ ముందుసీటుననే.

“దీన్నెవరికిస్తారు బాబూ?”

“ఎవరో ఒకళ్ళు కొంటారండి. రంగేయిస్తే కొత్తదాన్లా ఉంటదండి. ఇంజను బంగారం.”

అంతట మొగమైన నెరుగని యే యిల్లాలో తన సీటున నొదిగి కూర్చుండి తన కిటికీనుండి గోదావరిని జూచుచు వంతెన దాటుట యామె కన్నుల గట్టెను. భ్రమరాంబయు నామె తెల్లకారును స్మృతికి రావయ్యెను. చేతనున్నంతకాలము పరులకంట బడనీయక మసిపూసి దాచిన వస్తువు, చేయిదాటిన పిమ్మటగాని మానవుని సొంతకంట బడదుగదా. వాన ప్రారంభమయ్యెను. కారు మలుపు తిరుగువరకు రెప్పవాల్పక చూచి, పేరైన తెలియని యా యిల్లాలిపై మంగతాయారమ్మ కడుపార కుళ్ళుకొనెను.