కిటికీ దగ్గర చోటు

ఆ చెట్టు పేరెత్తితేనే కోడలికి ఒళ్లు మంట. చెట్టు పాపం ఏం చేసింది? మంటంతా దానికి జరిగే సేవల మీదే.

మర్రికీ మేడికీ చుట్టమట, పేరు ఫైకసట. ఇల్లు మొత్తానికి వెలుతురు వచ్చే ఒకే ఒక్క కిటికీ దగ్గర, ముందు గదిలో, పెద్ద కుండీలో కొలువుతీరింది. పొద్దున్నే మొగుడుగారు స్నానం చేసి దాని ముందు స్టూలేసుకుని కూర్చునేవాడు. మట్టిలో వేలు గుచ్చి తడి చూసేవాడు. ఆకు కింద ఒక చెయ్యి ఆనించి, తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడిచేవాడు. ఆకుల వెనక పొలుసు పురుగులు పట్టాయి. వాటిని గోటితో గీకేవాడు. చిట్లిన పురుగు రసం గోట్లోకి పోయినా మొహం చిట్లించేవాడు కాదు.

అదే మనిషి వెనక గది గుమ్మం తొక్కేవాడు కాదు. అందులో మంచం పట్టిన తల్లి ఉంది. "నాకా వాసన పడదే, వాంతొచ్చేస్తుంది" అనేవాడు, అదేదో తనకిచ్చిన బిరుదైనట్టు. పక్కగుడ్డలు మార్చడం, వీపు మీది పుండ్లు తుడవడం కోడలి వంతు. ఆమెకు మాత్రం ముక్కు లేదూ?

అత్తగారు నోరు తెరిచి అడిగింది ఒక్కటే. "అమ్మాయ్, నన్నా కిటికీ దగ్గర పడుకోబెట్టరూ? కాస్త వెలుతురు తగుల్తుంది. వీధిలో మనుషులైనా కనిపిస్తారు."

కోడలు ఆ మాట మొగుడి చెవిన వేసింది.

"చెట్టును కదపకూడదు" అన్నాడతను. "చోటు మారితే బెంగపెట్టుకుని ఆకులు రాల్చేస్తుంది."

"మీ అమ్మకు బెంగుండదాండీ?"

"అమ్మకేం, నువ్వు చూస్తున్నావుగా."

మర్నాడు అతను ఆఫీసుకు వెళ్లాక, పుండ్లు తుడవడానికి కోడలు వంటింటి గూట్లోంచి గుడ్డల దొంతి తీసింది. పాత నూలు దుప్పటి చింపి, ఉడకబెట్టి, ఎండబెట్టి మడతపెట్టుకున్న మెత్తటి గుడ్డలవి. పైనున్న గుడ్డ చేతికి అంటుకుంది. విప్పి చూస్తే జిగురు, గోధుమరంగు మరకలు, నలిగిన పురుగులు. అందులో ఒకటి ఇంకా కదులుతోంది. ఆకులు తుడిచి, ఏమీ ఎరగనట్టు మళ్లీ మడతపెట్టి ఇక్కడే పెడుతున్నాడన్నమాట! నిన్న అత్తగారి పుండు తుడిచింది కూడా ఈ మడతల్లోంచి తీసిన గుడ్డతోనే. "థూ!" అని ఉమ్మింది. ఆ ఉమ్మింది పురుగుల మీద కాదు.

కొంగు బిగించి కుండీని వెనక గదిలోకి ఈడ్చింది. నేల మీద గీతలు పడ్డాయి, గడప తగిలి ఆకులు రాలాయి. రాలనీ! పక్కింటి దర్జీని పిలిచి, చెరో వైపు పట్టి, అత్తగారిని మంచంతో సహా కిటికీ దగ్గరికి చేర్చింది. ఆవిడ సాయంత్రం దాకా వీధిని చూస్తూ, చూస్తూనే నిద్రపోయింది.

మొగుడు ఇంటికొచ్చాడు. మంచం చూడలేదు, మంచం మీది మనిషినీ చూడలేదు. కుండీ లేని చోటు చూశాడు, నేల మీది గీతలు చూశాడు. ఆ గీతల వెంట వెనక గదిలోకి పరుగెత్తాడు. ముక్కు కూడా మూసుకోలేదు.

ఆ అడుగుల చప్పుడుకి అత్తగారికి మెలకువొచ్చింది.

"వాడేనా? వెనక గదిలోకి పరుగెత్తాడే!" ఆవిడ మొహం విప్పారింది. "నేనింకా అక్కడే ఉన్నాననుకున్నాడు, పిచ్చి సన్నాసి. మంచం లేకపోతే హడలిపోతాడు. ఇక్కడున్నానని చెప్పవే, త్వరగా!"

కోడలు వెనక్కి తిరిగి చూసింది. వెనక గదిలో అతను రాలిన ఆకులు ఏరుకుంటున్నాడు.