పాపమేనని చెప్పండి

పాస్టరుగారి ప్రసంగం విని ముఖం మాడ్చుకుని ఇంటికి వెళ్ళినవాళ్ళు లేరు. "నువ్వు దేవుడి కంటిపాపవి, నీకు అంతా మంచే జరుగుతుంది" అని ఆయన చెబుతుంటే జోరువానలో కూడా బెంచీలు చాలేవి కావు. ఎవరికైనా జ్వరమొస్తే "అయ్యో పాపం" అనడం తప్ప, పాపం అన్న మాటే ఆయన నోట వచ్చేది కాదు. వారమంతా పైవాళ్ళ చేత చీవాట్లు తిని వచ్చిన జనానికి ఇక్కడ కూడా చీవాట్లెందుకని ఆయన ఉద్దేశం.

ఆ సంఘంలోని ఒకప్పటి బస్సు డ్రైవరు ఒకాయన ఊపిరితిత్తులు చెడి ఆసుపత్రిలో చేరాడు. డాక్టర్లు పెదవి విరిచేశారు. పాస్టరు చూడబోయేసరికి డ్రైవరు బావమరిది మంచం పక్కన కూర్చుని చెంచాతో పాలు పడుతున్నాడు. అతను గ్లాసు కడగడానికి బయటికి వెళ్ళగానే డ్రైవరు పాస్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"అయ్యగారూ, అప్పట్లో నా బస్సు గోడకు గుద్దింది చూడండి, బ్రేకులు పడక కాదు. నేను కునికాను. ఉద్యోగం పోతుందని బ్రేకుల మీదికి నెట్టేశాను. ముందురోజు వాటిని బిగించిన మెకానిక్కు మా బావమరిది వీడే. వీణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. బస్సులో ఒకమ్మాయి కాలు పోయింది. అది తన చేతుల వల్లేననుకుని వీడు మళ్ళీ స్పానరు ముట్టలేదు. ఇది పాపమే కదండీ?"

పాస్టరు గతుక్కుమన్నాడు. అలవాటైన మాటే నోటికొచ్చింది. "ఇప్పుడవన్నీ ఎందుకు? దేవుడికి మీరంటే ప్రాణం. మనసు పాడుచేసుకోకండి."

డ్రైవరు చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగాడు.

మెట్ల దగ్గర బావమరిది ఎదురయ్యాడు. "మీరొచ్చారు, అదే చాలండి. మీ మాట వింటే మా బావకి కొండంత ధైర్యం."

ఆ మెప్పు పాస్టరుకు చెంపదెబ్బలా తగిలింది. అతణ్ణి కాసేపు బయటే ఉండమని చెప్పి వెనక్కి వెళ్ళాడు.

"మీరన్నది నిజమే. అది పాపమే," అన్నాడు కుర్చీ దగ్గరికి లాక్కుని. "చిన్న పొరపాటయితే సర్దుకుపోయేవాళ్ళం. పాపం కాబట్టే క్రీస్తు ప్రాణం పెట్టాల్సొచ్చింది. ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడు, అనుమానం లేదు. కానీ అతనికి చెప్పకుండా దేవుడితో మాత్రం చెబితే ఎలా?"

డ్రైవరు భోరుమన్నాడు. "ఇన్నాళ్ళకి నా మాట ఒకరి చెవికెక్కింది. పిలవండి వాణ్ణి."

అంతా విని బావమరిది తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "అంటే నేను సరిగ్గానే బిగించాను," అన్నాడు. ఆ తరవాత గొంతు పెరిగింది. "ఆ పిల్ల కుంటుకుంటూ ఎదురొస్తే నేను పక్కసందులోకి తప్పుకునేవాణ్ణి, తెలుసా బావా?" విసురుగా వెళ్ళిపోయాడు. అతను మళ్ళీ వచ్చేలోపే డ్రైవరు పోయాడు.

ఆ ఆదివారం పాస్టరు పాపం గురించి, రక్షణ గురించి తడబడుతూనే చెప్పాడు. అయ్యగారికి ఒంట్లో బాగోలేదేమోనని కొందరు గుసగుసలాడారు. ఇద్దరు ముగ్గురు మధ్యలోనే లేచిపోయారు.

జనమంతా వెళ్ళాక బావమరిది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"శవం ముందు నిలబడ్డా కోపం చల్లారలేదండీ. క్షమించానని అనలేకపోయాను. ఇది కూడా పాపమేనా?"

పాస్టరు రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశాడు.

"కోపం అలాగే ఉంచేసుకుంటే పాపమే. పోగొట్టమని దేవుణ్ణే అడుగుదాం. నేను కూడా కూర్చుంటాను, రండి."