ఆపి చూడండి

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను రిపేరమ్మ అంటారు. సీసాలకు మూతలు బిగించే మిషన్‌ను ఇరవై రెండేళ్లుగా కంటికి రెప్పలా చూసుకుంటోంది. దాని కంట్రోల్ బోర్డు ఈసారి పూర్తిగా చేతులెత్తేసింది. అందులోని చిప్పులు ఇప్పుడెవరూ తయారుచేయట్లేదు. "శుక్రవారం మధ్యాహ్నానికి నడవకపోతే తుక్కుకే," అని మేనేజరు తేల్చేశాడు.

రిపేరమ్మ నేరుగా వెళ్లి, హార్డ్‌వేర్ డిజైన్ చేసే కూతుర్ని పట్టుకొచ్చింది. ఆ పిల్ల ఒకే ఒక్క పెద్ద చిప్పున్న కొత్త బోర్డు తెచ్చి, దాన్ని బల్ల మీద పెట్టి, రెండు రోజులు కంప్యూటర్ ముందే కూర్చుంది. సోల్డరింగ్ ఐరన్ ముట్టుకుంటే ఒట్టు. రిపేరమ్మకు ఒళ్లు మండింది.

"బోర్డు ఇక్కడుంటే అక్కడేం రాస్తున్నావే?"

"సర్క్యూటే రాస్తున్నానమ్మా. ఈ చిప్పు నిండా ఏ పనీ అప్పజెప్పని గేట్లు, అంటే బుల్లి స్విచ్చుల్లాంటివి, వేలకొద్దీ ఉంటాయి. ఏది దేనితో కలవాలో రాసి ఎక్కిస్తే, నీ పాత బోర్డు మొత్తం ఇందులోనే తయారవుతుంది. రేపు వేరేది ఎక్కిస్తే వేరే బోర్డవుతుంది."

"చెప్పినమాట వింటుందన్నమాట. నీకంటే నయం."

శుక్రవారం పదకొండింటికి మిషన్ కదిలింది. సీసాలు వరసగా మూతలు పెట్టించుకుని వెళ్తుంటే రిపేరమ్మ కళ్లు చెమర్చాయి. మేనేజరుకు కబురంపింది. ఈలోగా బోర్డు పెట్టె తలుపు బిగిద్దామని, అలవాటుకొద్దీ ముందు కరెంటు ఆపింది. బిగించి, మళ్లీ వేసింది. మిషన్ ఉలకలేదు, పలకలేదు.

సరిగ్గా అప్పుడే మేనేజరు లోపలికొచ్చాడు. "ఏమైంది?"

రిపేరమ్మ స్విచ్చు మీంచి చేయి తీసేసింది. "నేనే ఆపాను సార్..."

"అమ్మ చేసింది సరైన పనే," కూతురు అడ్డొచ్చింది. "తప్పు నాది సార్. కరెంటు పోతే ఈ చిప్పు అంతా మర్చిపోతుంది. పక్కనున్న మెమరీలో దాచిపెడితే, కరెంటు రాగానే అందులోంచి తెచ్చుకుంటుంది. ట్రయలే కదా అని నేను దాచలేదు. పది నిమిషాలివ్వండి."

ఈ గదిలో రిపేరమ్మ చాలామంది ఇంజనీర్లను చూసింది. తప్పు నాది అన్నవాళ్లు ఒక్కరూ గుర్తురాలేదు. మిషన్ సంగతే మరిచిపోయి కూతుర్నే చూస్తూ నిలబడింది.

పది నిమిషాలకు సీసాలు మళ్లీ కదిలాయి. మేనేజరు తలూపి వెళ్లబోయాడు.

"ఆగండి సార్." రిపేరమ్మ స్విచ్చు చూపించింది. "మీ చేత్తో ఆపి, వేసి చూడండి."

అతను ఆపాడు. మళ్లీ వేశాడు. మిషన్ నడిచింది.

"ఇంకోసారి," అంది రిపేరమ్మ. "మా అమ్మాయి చేసిన పని. ఎన్నిసార్లయినా ఆపుకోండి."