మోసుకెళ్లే చదువు

బడి గంట కొడితే పిల్లలు పరుగెత్తడం లోకరీతి. ఆ వీధిలో మాత్రం ఒక దర్జీ పరుగెత్తేవాడు. అతని కూతురికి నడుము కింద పట్టు లేదు, ఆమె చదివే ఆరో తరగతేమో మేడమీద. పొద్దున్న ఎక్కించాలి, మధ్యాహ్నం దించి మళ్లీ ఎక్కించాలి. మిషను మీద చొక్కా చెయ్యి సగంలో ఉండగానే చెవి బడివైపు ఉండేది.

"మీలాంటి తండ్రి కోటికొక్కడండీ," అనేవాడు హెడ్మాస్టరు. దర్జీ ఛాతీ ఉబ్బేది.

ఒక సాయంత్రం బడినుంచి కొట్టుకి తెచ్చి చూస్తే పిల్ల పెదవులు ఎండి పగిలున్నాయి. సీసాలో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

"తాగలేదేమ్మా?"

"తాగితే బాత్రూముకి పోవాలిగా నాన్నా. ఎవరు దించుతారు? నేనింక బడికి పోను."

కొట్టు మూల కాజాలు కుడుతున్న దర్జీ అక్క తలెత్తింది. చిన్నప్పుడే పోలియో వచ్చిన మనిషి. ఇలాంటి పిల్లకి చదువెందుకని ఆమెను బడి గుమ్మంలోంచే తిప్పి పంపినప్పుడు అడిగినవాడు లేడు, అడగడానికి చట్టమూ లేదు. ఆ తర్వాత ఎందరో తల్లిదండ్రులు రోడ్లెక్కి, కోర్టులెక్కి, ఈ పిల్లలకూ బడి హక్కేనని రాయించుకున్నారు.

"నన్ను గుమ్మంలో ఆపారు, దీన్ని మెట్ల దగ్గర ఆపారు. అంతేరా తేడా."

"ఆపడమేంటక్కా? నేను మోస్తున్నాగా!"

"అదే నీ తెలివితక్కువ! నువ్వు మోసినన్నాళ్లూ ఆ మెట్లు వాళ్ల కంటికి ఆనవు."

దర్జీకి ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

మర్నాడు పిల్లను బతిమాలి ఎత్తుకెళ్లి, నేరుగా కిందున్న హెడ్మాస్టరు గదిలో కూర్చోబెట్టాడు. వెనకాల అక్క కుంటుతూ వచ్చింది. బడి లోపలికి రావడం ఆమెకదే మొదలు.

"ఇదేంటయ్యా, ఇది ఆఫీసు!"

"ఆరో తరగతిని కిందకి దించండి సార్. ఆఫీసు పైకి మార్చండి. మీకు కాళ్లున్నాయిగా."

"ఒక్క పిల్లకోసం బడంతా తలకిందులు చెయ్యాలా? ఇన్నాళ్లూ మోశావు, ఇప్పుడేమొచ్చింది నీకు?"

"బుద్ధొచ్చింది సార్."

"సరే, మీటింగు పెట్టి చూద్దాం."

"పెట్టండి. అందాకా మేమిక్కడే," అంటూ అక్క గుమ్మానికి అడ్డంగా చతికిలబడింది.

ఆరో తరగతి బెంచీలు కిందికి దిగడానికి వారం పట్టింది. ఆ వారమంతా దర్జీ కొట్టు తెరవలేదు. పెళ్లిబట్టల బేరం పక్కకొట్టుకి పోయింది.

అయ్యా, అమ్మా, మీ వీధి బడి మెట్లు ఒక్కసారి చూసి రండి. బిడ్డ పేరు బడిలో ఎక్కినంత మాత్రాన హక్కు దక్కినట్టు కాదు. ఏ తండ్రి వీపూ అడక్కుండా ఆ బిడ్డ తన బెంచీ దాకా చేరిన రోజే దక్కినట్టు.