నాలుగు వందల పదిహేడు పైకి వచ్చాడు

నేను ఒక ఇత్తడి బిళ్లను. రూపాయి కన్నా కాస్త పెద్దగా, గుండ్రంగా ఉంటాను. పైన చిన్న చిల్లు, మధ్యలో 417 అనే అంకె. సుత్తితో కొట్టి నా మీద ఆ అంకె వేసిన మనిషి పేరు నాకు తెలియదు. దెబ్బ దెబ్బకూ ఒళ్లు ఝల్లుమనడం మాత్రం గుర్తుంది. భయం అప్పుడే నేర్చుకున్నానేమో, ఆ తర్వాత ఒక్క రోజు కూడా అది నన్ను వదల్లేదు.

నేను పనిచేసింది ఒక బొగ్గు బావిలో. పని తేలికే. బావి మూతి దగ్గర హాజరు గది, దాని కిటికీ వెనక చెక్క మీద వరసగా మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో బిళ్ల. దిగేవాడు తన బిళ్ల తీసుకుని జేబులో వేసుకుంటాడు, పైకి వచ్చాక తిరిగి ఇస్తాడు. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా కింద ఉన్నట్టు. నిండితే క్షేమంగా వచ్చినట్టు. మనుషులు తమ ప్రాణాల లెక్కను ఇంత ఇత్తడి ముక్కకు అప్పగించి నిశ్చింతగా ఉంటారు. నిశ్చింత లేనిది నాకే.

నన్ను మొదట మోసినాయన గుడ్డలో చుట్టి మొలలో దోపుకునేవాడు. పదహారేళ్ల తర్వాత, కొలువు దిగిపోయే రోజు, నన్ను కళ్లకద్దుకుని కిటికీలో ఇచ్చాడు. ఆ తర్వాత పోశం చేతికి వచ్చాను. నిదానమైన మనిషి. ఎవరినీ ఒక మాట అనడు, తనకేదైనా అయితే ఎవరికీ చెప్పడు. ఇలాంటి వాళ్లంటే నాకు మరీ భయం.

కిటికీ దగ్గర కూర్చునేది భూలక్ష్మి. భర్త ఇదే బావిలో కప్పు కూలి చనిపోతే ఆమెకు ఆ ఉద్యోగం ఇచ్చారు. ఏడో తరగతి చదువు. పైకి వచ్చేవాళ్లు కాస్త ఆలస్యమైతే చాలు, బావి మూతి దాకా వెళ్లి తొంగి చూసి వచ్చేది. "అక్కకు కుక్క మొరిగినా కప్పు కూలినట్టే ఇనవడ్తది" అని నవ్వేవారు.

షిఫ్టు అయ్యాక బస్సు పది నిమిషాలే ఆగేది. కిటికీ ముందు వరస చాంతాడంత. అందుకని ఒక గ్యాంగులో నలుగురి బిళ్లలూ ఒక్కడే తెచ్చి ఇచ్చేసి, బస్సులో తువ్వాలు పరిచి మిగతావాళ్లకు సీట్లు ఆపేవాడు. ఇందులో మోసం ఏమీ లేదు, ఉన్నదంతా స్నేహమే. పోశం గ్యాంగులో ఆ పని కొమురెల్లిది.

"ఎవని బిళ్ల వాడే ఇయ్యాలె" అని భూలక్ష్మి రోజూ అనేది.

"ఎనకనే వస్తున్నరక్కా. ఎత్తుకొచ్చి నీ ఒళ్లె కూసోవెట్టాల్నా?" అనేవాడు కొమురెల్లి.

ఆ షిఫ్టు పనంతా చూసుకునే పెద్ద ఓవర్‌మన్ శంకరయ్య. "తీస్కో భూలక్ష్మీ, బస్సు పోతది, మంది నన్ను తిడుతున్నరు" అని ఆయన కేకేసేవాడు. పెద్దాయన చెప్పాక ఆమె చెయ్యి చాపేది. 'భద్రతే ప్రథమం' అన్న బోర్డు సరిగ్గా ఆయన తల మీదే ఉండేది.

అది ఎండాకాలం, మొదటి షిఫ్టు. కింద ఒకటే ఉక్క. పని ముగిశాక పోశం ఒక రాయి మీద కూలబడ్డాడు.

"నువ్వు నడువు కొమురెల్లీ. ఛాతీల జర బరువుగ ఉన్నది. నీళ్లు తాగి వస్త."

"నేను కూడ కూసోనా బావా?"

"సీటు పోతదిరా. నడువుమంటే!"

నన్ను తీసి కొమురెల్లి అరచేతిలో పెట్టాడు. పోశం వేళ్లు చల్లగా, తడిగా ఉన్నాయి. గొంతుంటే అరిచేదాన్ని.

పైకి రాగానే మిగతా ఇద్దరూ బస్సు వైపు నడిచారు. కొమురెల్లి నాలుగు బిళ్లలూ కిటికీలో పెట్టాడు.

"పోశమేడి?" అంది భూలక్ష్మి.

"ఎనక ఉన్నడక్కా."

శంకరయ్య మామూలుగానే కేకేశాడు. ఆమె నన్ను మేకుకు తగిలించింది. నాలుగు వందల పదిహేడు పైకి వచ్చాడు. రోజూ పది నిమిషాల పాటు నేను చెప్పే అబద్ధమే అది. ఆ రోజు పది నిమిషాలు దాటినా అది నిజం కాలేదు. కొమురెల్లి తువ్వాలు పరిచి ఆపిన సీటు ఖాళీగానే బస్సు కదిలిపోయింది. ఎవరి బండి మీదనో వస్తాడులే అనుకున్నాడట.

రెండో షిఫ్టుకు టోపీ దీపాలు ఇచ్చేటప్పుడు పోశం దీపం వెనక్కి రాలేదని తెలిసింది. రిపోర్టు రాసుకుంటున్న శంకరయ్య వచ్చి మేకుల వంక చూశాడు. నేను ఉన్నాను.

"బిళ్ల ఉన్నది గదా. దీపం నెత్తిన వెట్టుకునే ఇంటికి పోయిండు, మతిలేనోడు."

"నేను మనిషిని చూడలే సారూ."

"బిళ్ల అబద్ధం చెప్తదా?"

భూలక్ష్మి నా వంక చూసింది. లేచి కిటికీ రెక్క మూసి గడియ పెట్టింది. బిళ్ల లేనిదే ఎవరూ దిగకూడదు. రెండో షిఫ్టు మొత్తం బయట నిలబడిపోయింది. తలుపు దబదబ బాదారు.

"ఏం రోగమే నీకు? ఉద్యోగం ఊడ్తది!" అని శంకరయ్య అరిచాడు.

"ఊడనీ. పోశం వచ్చి నా ముంగట నిలవడాలె. లేకుంటే మీరు పొయ్యి చూడుండ్రి. గప్పటిదాంక ఒక్క బిళ్ల ఇయ్య."

ఆ బావికి మేనేజరు ఉన్నాడు, ఇంజినీర్లు ఉన్నారు. ఆ కాసేపు మాత్రం నాయకత్వం ఈ భయస్తురాలి దగ్గరే ఉంది. పావుగంట పంతం పట్టి, చివరకు శంకరయ్యే ఇద్దరిని వెంటబెట్టుకుని దిగాడు.

పోశం అక్కడే, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడట. దీపం వెలుగుతూనే ఉందట, ప్రాణమే లేదట. ఒంట్లో ఇంకా వెచ్చదనం ఉందని చెప్పి శంకరయ్య కిటికీ కింద నేల మీద కూర్చుండిపోయాడు. ఒక గంట ముందు తెచ్చి ఉంటే బతికేవాడని ఆస్పత్రిలో డాక్టరు అన్నాడు. మేకు మీద నేను వేలాడింది ఆ గంటే.

"నేనే సంపిన్నక్కా" అని కొమురెల్లి తల బాదుకున్నాడు.

"నువ్వొక్కనివేనారా? తీసుకున్నది నేను గాదా?" అంది భూలక్ష్మి. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

తర్వాత యంత్రాలు వచ్చాయి. ముఖం చూసి గేటు తీసేది ఒకటి, టోపీలో పెట్టిన చిప్పుతో మనిషి ఎక్కడున్నాడో తెర మీద చుక్కగా చూపేది ఒకటి. బిళ్లలన్నిటినీ గోనెసంచిలో పోసి తుక్కుకు పంపారు. నన్నొక్కదాన్నే శిక్షణ గదిలో గాజు పెట్టెలో పెట్టి, 'పాతకాలపు హాజరు బిళ్ల' అని చీటీ అంటించారు. పోశం పేరు అందులో లేదు.

భూలక్ష్మికి కంప్యూటరు నేర్పి, కొత్తవాళ్లకు చెప్పమని ఆ గదిలోనే వేశారు. పొద్దున ఒక సారు వచ్చి భవిష్యత్తులో కావలసిన నైపుణ్యాల గురించి రెండు గంటలు మాట్లాడతాడు. మధ్యాహ్నం ఆమె ఒకటే అడుగుతుంది.

"తెర మీద చుక్కలన్నీ బయటికొచ్చినయి. నీ పక్కోడు కండ్లవడ్తలేడు. ఏం చేస్తవ్?"

తెరను మళ్లీ చూస్తామంటారు, కంట్రోలు రూముకు చెప్తామంటారు. పోయిన వారం ముందు వరసలో ఒక అమ్మాయి లేచింది.

"పిలుస్త. పలుకకుంటే పొయ్యి చూస్త. చుక్కను నమ్మ మేడమ్."

ఆ పిల్ల రవళి, పోశం బిడ్డ. తండ్రి కొలువు ఆమెకు వచ్చింది. ఆడపిల్లలనూ ఇప్పుడు కిందికి పంపుతున్నారు. భూలక్ష్మి పాఠం ఆపేసి దగ్గరికి వెళ్లింది. టోపీ పట్టీ గడ్డం కింద బిగించింది. సరిగ్గానే ఉంటే, ఊడదీసి మళ్లీ బిగించింది.

సోమవారం నుంచి రవళి దిగుతోంది. ఈ గది కిటికీ బావి వైపు లేదు. సైరను వినిపిస్తుంది. బస్సు వచ్చి ఆగడం, కదలడం వినిపిస్తుంది. ఎవరెవరు ఎక్కారో మాత్రం నాకు తెలియదు.